చెంబుకు కొలత కట్టిందెవరు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

(ఆరోగ్య పరిశోధన ప్రాజెక్టుల్లో 33 ఏళ్లు ఊళ్లు తిరిగి, రిటైరై నల్గొండ రామగిరిలో ఉంటున్న మా సలహాదారు, ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవారి ప్రశ్నలకు ఇస్తున్న జవాబులివి. ఉత్తరాలు రాసినవారి కోరిక మేరకు పేర్లు వేయడం లేదు.)

ప్రశ్న: ప్రజారోగ్యంలో పీజీ (ఎంపీహెచ్) చదివాను. హైదరాబాద్‌లోని ఒక సంస్థ, ఒక విదేశీ విశ్వవిద్యాలయం కలిసి నడిపే ప్రాజెక్టులో రెండున్నరేళ్లుగా రీసెర్చ్ అసిస్టెంటుగా ఉన్నాను. తాగునీరు, కీళ్ల నొప్పుల మీద సర్వే. 34 ఊళ్లు తిరిగాను. తెలుగు ప్రశ్నపత్రం ఎవరికీ అర్థం కాకపోతే సగం నేనే తిరగరాశాను. డేటాలో తప్పులు ఏరింది కూడా నేనే. ఇప్పుడు పేపర్ పత్రికకు పంపుతున్నారు. రచయితలు 11 మంది. నా పేరు చివర కృతజ్ఞతల్లో ఉంది, అదీ ఇంటిపేరు తప్పుగా. అడిగితే కాంట్రాక్టు పొడిగించరేమోనని భయం. అడగాలా, ఊరుకోవాలా?
– ఒక సోదరి, దేవరకొండ

జవాబు: అమ్మా, అడగండి. కాంట్రాక్టు భయం గురించి చివర్లో మాట్లాడుకుందాం. ముందు నా సంగతి ఒకటి వినండి.

1989 ఎండాకాలం. మర్రిగూడ దగ్గర ఒక ఊళ్లో మీలాగే ఫారాలు పట్టుకుని తిరుగుతున్నాను. బయటి దేశంలో తయారై వచ్చిన ప్రశ్నపత్రంలో 'రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగుతారు?' అని ఉంది. నడుము వంగిపోయిన ఒక ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసి, "గ్లాసు చుట్టాలొస్తే తీస్తాం నాయనా, మేం తాగేది చెంబుతో" అంది. పోనీ ఎన్ని చెంబులు అంటే "ఏ చెంబు?" అని ఎదురు ప్రశ్న వేసింది. బిందె పక్కన రెండు చెంబులున్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

మర్నాటి నుంచి సంచిలో లీటరు కొలజాడీ వేసుకుని బయలుదేరాను. ప్రతి ఇంట్లో చెంబు నిండా నీళ్లు పోయించి, జాడీలోకి వంపి, గీతకు సమంగా కన్ను పెట్టి చూసి రాసుకునేవాణ్ని. ఒకరింటి ఇత్తడి చెంబు 650 మిల్లీలీటర్లు, పక్కింటి స్టీలు చెంబు 900. పొలానికి పట్టుకెళ్లే సొరకాయ బుర్రది ఇంకో లెక్క. కూలికి పోయినచోట బోరింగు దగ్గర తాగింది ఏ లెక్కలోనూ లేదు. ఇదంతా చాదస్తం అనుకోకండి. నీళ్లలో, మోతాదు మించితే ఎముకలను దెబ్బతీసే ఫ్లోరైడ్ లీటరుకు 3 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. నీడపట్టున ఉండి రెండు లీటర్లు తాగే మనిషి ఒంట్లోకి రోజుకు 6 మిల్లీగ్రాములు పోతుంది. ఎండలో మట్టి మోస్తూ నాలుగు లీటర్లు తాగే మనిషి ఒంట్లోకి 12. ఒకే ఊరు, ఒకే బోరు, ఒకరి నడుము వంగింది, ఇంకొకరిది వంగలేదు అంటే, దానికున్న కారణాల్లో ఒకటి ఆ చెంబుల్లో ఉంది.

రెండేళ్ల తర్వాత పేపర్ అచ్చయింది. చెంబుల గురించి అందులో ఒకే ఒక్క వాక్యం: ఇళ్లలోని పాత్రల కొలతలు తీసుకోబడ్డాయి, అని. ఎవరు తీసుకున్నారో లేదు. చెంబులే లేచి తమను తాము కొలుచుకున్నట్టు! కృతజ్ఞతల్లో 'క్షేత్ర సిబ్బందికి' అని ఉంది. ఆ సిబ్బందిలో నేనూ ఉన్నాను, జీపు డ్రైవరూ ఉన్నాడు. (ఆయన లేకపోతే ఆ దారుల్లో సగం ఊళ్లు చేరేవాళ్లమే కాదు. ఆయనకు దక్కిన కృతజ్ఞతకు నేను అడ్డు చెప్పను.) నేను అడగలేదు. అడగొచ్చన్న సంగతే నాకు తెలియదు.

మీకు తెలియాలి. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం ఒకటుంది. 1978లో వాంకూవర్‌లో కలుసుకున్న కొద్దిమంది సంపాదకులతో మొదలైంది. పేరున్న వైద్య పత్రికలు చాలావరకు దాని నియమాలే పాటిస్తాయి. దాని ప్రకారం రచయిత అనిపించుకోవాలంటే అధ్యయనాన్ని రూపొందించడంలోనో, డేటా సేకరణలోనో, విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ పాత్ర ఉండాలి. రాతప్రతి రాయడంలోనో, దాన్ని విషయపరంగా సరిదిద్దడంలోనో చేయి ఉండాలి. అచ్చుకు వెళ్లే ప్రతిని ఆమోదించాలి. అందులో ఉన్నదానికి జవాబుదారీగా నిలబడాలి. నాలుగూ ఉండాల్సిందే. 'నువ్వు రాయలేదు కదా, రెండోది నీకు లేదు' అని మీవాళ్లు అనవచ్చు. అదే నియమాల్లో ఇంకో మాట కూడా ఉంది, పెద్దలు దాన్ని చూసీ చూడనట్టు దాటేస్తుంటారు: మొదటి షరతు నెరవేర్చిన ప్రతి ఒక్కరికీ రాతప్రతి చదివి, సరిదిద్ది, ఆమోదం తెలిపే అవకాశం ఇవ్వాలి. చిత్తుప్రతి చూపించకుండా ఉంచి, తర్వాత రాయలేదని తప్పించడం కుదరదన్నమాట.

మీ పక్షం ఎంత బలంగా ఉందో కూడా ఒకసారి చూసుకోండి. ఇచ్చిన ఫారాలు ఇచ్చినట్టు నింపుకొచ్చి ఉంటే కృతజ్ఞతలతో సరిపెట్టుకోమనేవాణ్ని. మీరు ప్రశ్నలే మార్చారు. మీరు మార్చకపోతే జవాబులు వేరేగా వచ్చేవి, ఆ 11 మంది రాసే పేపర్ కూడా వేరేగా ఉండేది.

ఇక అడగడం ఎలా? ఫోన్లో వద్దు, వాట్సాప్ గుంపులో అసలే వద్దు. ఇక్కడి ప్రధాన పరిశోధకుడికి ఒక ఈమెయిల్ రాయండి. పాత ప్రశ్నపత్రం, మీరు మార్చిన ప్రశ్నపత్రం, తేదీలతో సహా జత చేయండి. 'ప్రశ్నపత్రం సవరణ, డేటా సేకరణ, తప్పుల దిద్దుబాటులో నేను చేసిన పని ఈ ఫైళ్లలో ఉంది. సంపాదకుల సంఘం నియమాల ప్రకారం చిత్తుప్రతి చదివి నా అభిప్రాయాలు రాసే అవకాశం ఇవ్వగలరు' – ఇంతే. గమనించారా, ఇందులో పేరు అడగలేదు, చదవనివ్వమని అడిగాం. కాదనడం వాళ్లకు కష్టం. ప్రతి చేతికి రాగానే నాలుగు రోజుల్లో పనికొచ్చే సవరణలు రాసి పంపండి. ఊళ్లో ఏం జరిగిందో తెలియక వాళ్లు తప్పు రాసిన చోటు ఒక్కటైనా దొరుకుతుంది, 33 ఏళ్లలో దొరకని పేపర్ నేను చూడలేదు. అప్పుడు రచయితల జాబితా మాట ఎత్తండి. ఎవరు ఏ పని చేశారో 14 రకాల పనుల పట్టికలో చూపమని చాలా పత్రికలు అడుగుతున్నాయి. ఆ పట్టికలో మీ పని ఏ గడిలో పడుతుందో మీరే రాసి ఇవ్వండి.

పత్రికకు నేరుగా ఫిర్యాదు పంపకండి. రచయితల తగవులు తీర్చడం పత్రిక పని కాదు, పని జరిగిన సంస్థలే తేల్చుకోవాలని ఆ నియమాలే చెబుతున్నాయి. మీ ఉత్తరం తిరిగి తిరిగి మీ సంస్థ బల్ల మీదికే వస్తుంది, ఈసారి కోపంతో.

కాంట్రాక్టు పోదని నేను హామీ ఇవ్వలేను. పోయినవాళ్లను చూశాను. కానీ అడగనివాళ్ల కాంట్రాక్టులు కూడా నిధులు అయిపోగానే పోయాయి, వాళ్ల చేతిలో పేపరూ లేదు.

ఇంటిపేరు మాత్రం ఈ రోజే సరిచేయించండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మనకు ఇంటిపేరు ముందొస్తుంది, వాళ్ల ఫారంలో చివరొస్తుంది. అలా ఒకే మనిషి మూడు పేపర్లలో ముగ్గురైపోయిన సందర్భాలున్నాయి. ఆర్కిడ్ అని 16 అంకెల గుర్తింపు సంఖ్య ఉచితంగా ఇస్తారు, తీసుకోండి. పేరు ఎలా రాసినా అంకెలు మారవు.

ప్రశ్న: గత సంచికలో, నీళ్లలోని ఫ్లోరైడ్ తీసే పద్ధతిని 'మన నల్గొండ టెక్నిక్' అని రాశారు. దాన్ని కనిపెట్టింది నాగ్‌పూర్‌లో కదా? మనది ఎలా అవుతుంది?
– ఒక ఉపాధ్యాయుడు, మిర్యాలగూడ

జవాబు: మాస్టారూ, దొరికిపోయాను. 1970లలో దాన్ని రూపొందించింది నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ). పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్లను తిప్పితే ఫ్లోరైడ్ మడ్డితో పాటు అడుగుకు దిగుతుంది. పేరు మన జిల్లాది. ఆ పేరుతోనే అది టాంజానియా, కెన్యా, ఇథియోపియా దాకా వెళ్లింది. అక్కడా ఇక్కడా చిక్కు ఒకటే: రోజూ ఎవరో ఒకరు కొలిచి కలపాలి, ఆ మడ్డిని ఎక్కడ పారబోయాలో తేలదు. ఇవి గదిలో కూర్చుంటే కనిపించే చిక్కులు కావు, బకెట్టు పట్టుకున్న మనిషికి తెలుస్తాయి.

అన్నిసార్లూ మనవాళ్ల పేర్లు మరుగున పడ్డాయని మాత్రం అనుకోకండి. మన జిల్లా ఫ్లోరైడ్ ఊళ్లలో పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుకోవడం గురించి 1973లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసింది హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి. పేర్లు రాయించుకోవడం మన జిల్లా జనానికి కూడా బాగానే తెలుసు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నీళ్ల గోడు వినిపించడానికి నామినేషన్లు వేసి, నల్గొండ నుంచి 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు.

ప్రశ్న: వైద్య కళాశాలలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి రెండేళ్లయింది. వలస కూలీల కుటుంబాల్లో రక్తహీనత మీద కలిసి పనిచేద్దామని ఒక విదేశీ ప్రొఫెసర్ రాశారు. వచ్చే నెల మొదలుపెట్టి, మూడు విడతలుగా 400 మంది రక్త నమూనాలు తమ ల్యాబ్‌కు పంపమంటున్నారు. 'మీకు తగిన శిక్షణ ఇస్తాం' అన్నారు. ఇలాంటి అవకాశం మళ్లీ రాదేమో. ఒప్పుకోమంటారా?
– ఒక డాక్టరు, ఉమ్మడి పాలమూరు జిల్లా

జవాబు: డాక్టరుగారూ, 'వచ్చే నెల' అన్న మాట చదివి మా ఆవిడను పిలిచి చూపించాను. ఇద్దరం నవ్వుకున్నాం.

విదేశీ భాగస్వామ్యం ఉన్న ఆరోగ్య పరిశోధనకు మీ కళాశాల ఎథిక్స్ కమిటీ అనుమతి ఒక్కటీ చాలదు. కేంద్ర ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ ముందుకు వెళ్లాలి. ఆ దరఖాస్తు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ద్వారా నడుస్తుంది. నమూనాలు దేశం దాటాలంటే బదిలీ ఒప్పందం విడిగా రాసుకోవాలి: ఏ పరీక్షకు, ఎన్నాళ్లు ఉంచుతారు, మిగిలిన రక్తాన్ని ఏం చేస్తారు, ఇంకెవరికైనా ఇస్తారా అని. దీనికి నెలలు పడతాయి. ఆ నెలలను కాలపట్టికలో ముందే రాయించండి. లేకపోతే ఆలస్యానికి కారణం మీరేనని చివరి నివేదికలో ఉంటుంది.

అసలు రక్తం సముద్రం ఎందుకు దాటాలి? హిమోగ్లోబిన్ మీ కళాశాలలోనే చూడవచ్చు. ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష కావాలంటే హైదరాబాద్ ఎంత దూరం, రెండు గంటలు. ఇక్కడ కుదరని పరీక్ష ఏదైనా ఉంటే దాని పేరు చెప్పమనండి, దానికి మాత్రమే పంపండి. ఆ పరీక్ష చేయడం మీకు నేర్పమనండి. 'తగిన శిక్షణ' అనే మాటకు కొలత లేదు, నా చెంబులాగే. ఎన్ని వారాలు, ఎవరు నేర్పుతారు, ఎక్కడ, ఖర్చు ఎవరిది, విశ్లేషణ మీ చేత చేయిస్తారా లేక తయారైన పట్టికలు పంపుతారా, ఇవన్నీ ఒప్పందంలో అంకెలుగా ఉండాలి. మన దగ్గర యువ డాక్టర్లకు రెండు రోజుల వర్క్‌షాపు, ఒక సంచి, ఒక సర్టిఫికెట్ ఇచ్చి శిక్షణ అనిపించిన ప్రాజెక్టులు నాకు తెలుసు. ఆ సంచుల్లో ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో ఉల్లిగడ్డలకు వాడుతున్నాం.

మీ చేతిలో ఉన్న బలం మీకు తెలుసో లేదో. మూడు విడతలు అన్నారు కదా, ఏయే నెలల్లో? పండుగలు దాటాక జనం ముంబయి, పుణె బస్సులెక్కితే మళ్లీ తొలకరికి గానీ కొన్ని ఇళ్ల తలుపులు తెరుచుకోవు. వలసలు మునుపటంత లేకపోయినా, మీ అధ్యయనం వలస వెళ్లేవాళ్ల మీదే కదా. జనవరిలో ఒక విడత పెట్టారంటే ఊళ్లో మిగిలిన ముసలివాళ్ల రక్తమే దొరుకుతుంది. ఈ సంగతి అక్కడి ప్రొఫెసరుగారికి ఏ పుస్తకం చెప్పదు. కాలపట్టిక మీరు వేయండి, వేసినందుకు సహ పరిశోధకుడిగా మీ పేరు దరఖాస్తులోనే ఉండాలని అడగండి. నిధులు వచ్చాక అడిగితే అప్పటికే గడులన్నీ నిండిపోయి ఉంటాయి.

డబ్బు గురించి ఒక్క మాట. హైదరాబాద్ స్వచ్ఛంద సంస్థకు పంపుతాం, వాళ్లు మీ దగ్గరి చిన్న సంస్థకు ఇస్తారు అంటే ఒప్పుకోకండి. విదేశీ విరాళంగా వచ్చిన సొమ్మును ఒక సంస్థ ఇంకో సంస్థకు ఇవ్వకూడదని విదేశీ విరాళాల చట్టానికి చేసిన 2020 సవరణలో తెచ్చారు. నేరుగా తీసుకోవాలంటే ఆ సంస్థకు సొంత రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి, సొమ్ము ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి.

ఇంకొకటి. రక్తం ఇచ్చిన 400 మందికి ఎవరి అంకె వాళ్లకు అదే రోజు చీటీ మీద రాసి ఇవ్వండి, తక్కువ ఉన్నవాళ్లను ఏఎన్ఎం దగ్గరికి పంపండి. పేపర్ వచ్చేదాకా ఆగితే వాళ్లలోని ఆడవాళ్లకు ఇంకో కాన్పు అయిపోతుంది.

ప్రశ్న: నల్లమల చెంచు పెంటల్లో (గూడేల్లో) పిల్లల బరువు, ఎత్తు కొలిచే ప్రాజెక్టులో పనిచేస్తున్నాను. లండన్, న్యూయార్క్ వాళ్లతో ప్రతి మంగళవారం రాత్రి తొమ్మిదిన్నరకు జూమ్ మీటింగ్. మొన్న 'ఆ 19 ఇళ్ల డేటా ఎందుకు లేదు?' అని అడిగారు. వాళ్లు తేనెకు అడవిలోకి వెళ్లారని నాకు తెలుసు. ఇంగ్లీషులో చెప్పలేక ఊరుకున్నాను. 'ఫీల్డు నిర్లక్ష్యం' అని రాసుకున్నారు.
– ఒక పాఠకుడు, అచ్చంపేట

జవాబు: తమ్ముడూ, ఆ 19 ఇళ్ల సంగతి ఈ రోజే రాసి పంపు, వచ్చే మంగళవారం దాకా ఆగకు. ఏ ఇల్లు, ఏ తేదీన వెళ్లావు, ఎవరు ఏం చెప్పారు, ఎప్పుడు తిరిగొస్తారు. తెలుగులో రాసి, తెలిసినవాళ్ల చేత ఇంగ్లీషు చేయించు. ఇకపై ప్రతి సోమవారం ఇలాంటి ఒక్క పేజీ ముందే పంపు. మీటింగులో నీ పేరు పిలిస్తే 'రెండో పేరా చూడండి' అంటే చాలు. మాట్లాడటం తర్వాత అదే వస్తుంది, నాకు అలాగే వచ్చింది. ఇప్పటికీ నా ఇంగ్లీషులో నల్గొండ వినిపిస్తుంది, ఎవరూ చచ్చిపోలేదు.

టైము సంగతి లెక్క వేసి అడుగు. మన రాత్రి తొమ్మిదిన్నర అంటే వేసవిలో న్యూయార్క్‌లో మధ్యాహ్నం 12, లండన్‌లో సాయంత్రం 5. వాళ్లిద్దరికీ పని వేళలే, నీకు నిద్ర వేళ. సాయంత్రం ఆరున్నరకు పెడితే న్యూయార్క్‌లో ఉదయం 9, లండన్‌లో మధ్యాహ్నం 2. ముగ్గురికీ కుదురుతుంది. చలికాలంలో వాళ్ల గడియారాలు గంట వెనక్కి జరుపుతారు, అప్పుడు ఏడున్నర అను. ఇన్నాళ్లూ ఎందుకు మార్చలేదంటే, ఎవరూ అడగలేదు కాబట్టి.

ప్రశ్న: మా అమ్మాయి పీహెచ్‌డీ పూర్తిచేసి 'పోస్ట్ డాక్' అంటోంది. విదేశీ నిధులట, మూడేళ్లట. ఇది చదువా, ఉద్యోగమా? సంబంధాలవాళ్లకు ఏమని చెప్పాలి?
– ఒక తండ్రి, చిట్యాల

జవాబు: అన్నగారూ, పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగమే అది. నెలనెలా జీతం వస్తుంది. గడువు తీరగానే ఆగిపోతుంది కూడా, అది దాచను. అందుకని మూడో ఏడు మొదట్లోనే తర్వాతి దరఖాస్తులు పెట్టుకోమనండి. చివరి నెలలో పెట్టుకుంటే మధ్యలో ఆరు నెలలు చేతులు ఖాళీగా ఉంటాయి. ఇంకొకరి ప్రాజెక్టులో కాకుండా తన సొంత ప్రశ్న మీద తన పేరుతోనే నిధులు తెచ్చుకునే ఫెలోషిప్పులున్నాయి. బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్ట్, మన కేంద్ర బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ) కలిసి 2008లో మొదలుపెట్టిన ఇండియా అలయన్స్ హైదరాబాద్ నుంచే వాటిని నడుపుతోంది. అమ్మాయికి తెలిసే ఉంటుంది.

సంబంధాలవాళ్లకు 'సైంటిస్టు' అని చెప్పండి, అబద్ధం కాదు. దేని మీద అని వాళ్లు అడిగితే ఏం చెబుతారు? మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఆ అమ్మాయి దేని మీద పనిచేస్తోందో ఎక్కడా లేదు. అడిగి తెలుసుకుని, వచ్చే నెల నాకూ రాయండి.